పిలవకముందే వచ్చే మామ్మ

మా నాన్న వాళ్లమ్మను మేం మామ్మ అని పిలిచేవాళ్లం. కృష్ణా జిల్లాలో చాలా ఇళ్లలో నాయనమ్మకు ఆ పిలుపే. అయితే మా ఊళ్లో ఆవిడ అందరికీ మామ్మే. ఆవిడ కంటే రెండు మూడేళ్లు పెద్దవాళ్లు కూడా "మామ్మ వచ్చిందా?" అని అడిగేవాళ్లు. రేషన్ డీలరు, బడి పంతులు గారు, బస్సు కండక్టరు, ఓట్ల కోసం వచ్చే నాయకులు, అందరికీ అదే పేరు. అసలు పేరు ఓటరు లిస్టులో, పొలం పాసుపుస్తకంలో తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు.

పుట్టిన తేదీ ఎవరికీ తెలీదు. ఆధార్ కార్డు తీసేటప్పుడు, ఆ వయసు వాళ్లలో చాలామందికి వేసినట్టే, జనవరి 1 అని వేశారు. ఆవిడ లెక్క మాత్రం వేరు. "విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు పడ్డాయని కబురొచ్చిన ఏడు నాకు పెళ్లయింది. అప్పటికి నాకు పద్నాలుగు" అనేది. ఆ బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. అంటే 1928 ప్రాంతంలో పుట్టిందన్నమాట. 2018 వేసవిలో పోయింది. తొంభై ఏళ్లు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి చివరిదాకా ఒకే ఊళ్లో, ఒకే స్థలంలో ఉంది. ఒకే ఇంట్లో అనడానికి లేదు. ఆ స్థలంలో ఇల్లు రెండుసార్లు కొట్టుకుపోయింది.

మా ఊరు దివిసీమలో ఉంది. పులిగడ్డ దగ్గర కృష్ణ చీలిపోతుంది. ఆ పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న నేలే దివిసీమ. మోపిదేవి, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, చివర్న హంసలదీవి, అన్నీ అందులోవే. మా నాన్నకు విజయవాడలో ఉద్యోగం. సెలవులిస్తే చాలు, ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి మీదుగా బస్సు. అవనిగడ్డలో దిగి ఇంకో బస్సు, నాగాయలంకలో దిగి మిగతా దూరం బండి మీదో, నడిచో. గట్టు ఎక్కగానే గాలిలో ఉప్పు వాసన తగిలేది. మామ్మ మాకోసం ఎదురు చూస్తూ అరుగు మీద కూర్చుని ఉంటుందని మీరనుకుంటారేమో. ఎప్పుడూ ఉండేది కాదు. ఎవరింట్లోనో ఉండేది. బాబాయి వెళ్లి వెతికి తీసుకురావాల్సిందే. వచ్చీ రాగానే మా గడ్డం పట్టుకుని "ఏం తిన్నారే?" అనేది. ఆ తర్వాత నాన్నతో "ఆ చివరింటి పిల్లకి నెలలు నిండాయిరా, కాళ్లు పొంగాయి, పొద్దుట నుంచి అక్కడే ఉన్నా" అనేది. ఆవిడ గైర్హాజరుకు మేం ఒక్కసారి కూడా నొచ్చుకోలేదు. ఇంట్లో వాళ్లకిచ్చే ప్రేమలో కోత వేసి ఊరికి పంచిన మనిషి కాదు. ఇద్దరికీ సరిపడా ఉండేది ఆవిడ దగ్గర.

ఆవిడ సాయం చేసే తీరు గురించి చెప్పాలి. అందుకే ఇదంతా రాస్తున్నాను. సాయం చేసేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లంటే నాకు గౌరవం. మామ్మ చేసే తీరు వేరు. ఎవరూ నోరు తెరిచి అడగాల్సిన అవసరం రానిచ్చేది కాదు. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేసేది. పిడికిలి బియ్యం చాలా ఇళ్లలో తీస్తారు, గుడికో, బిచ్చానికో ఇస్తారు. మామ్మ ఆ కుండ నిండగానే ఏ ఇంట్లో పొయ్యి ఆలస్యంగా వెలుగుతోందో చూసుకుని అక్కడికి పట్టుకెళ్లేది. ఊరికే ఇచ్చినట్టు కనపడనిచ్చేది కాదు. "మొన్న నీ దగ్గర చేటెడు తీసుకున్నా కదే, అది" అనేది. అవతలి మనిషికి గుర్తుండదు, ఎందుకంటే మామ్మ తీసుకున్నది ఏమీ ఉండదు. ఆ అబద్ధం ఊళ్లో అందరికీ తెలుసనుకుంటా. అయినా ఎవరూ బయటపెట్టలేదు.

"అడిగేదాకా ఆగితే ఆ మనిషి ఎంత చచ్చిపోవాలే అమ్మడూ" అంది నాతో ఒకసారి. గోంగూర వలుస్తూ, తల కూడా ఎత్తకుండా అంది.

ఈ గుణం పుట్టుకతో వచ్చిందో, ఎక్కడైనా నేర్చుకుందో అని నేను చాలా ఆలోచించాను. కొంత పుట్టుకతోనే వచ్చి ఉంటుంది. కానీ 1977 లేకపోతే మామ్మ ఇలా అయ్యేది కాదని మా నాన్న నమ్మకం. నాదీ అదే.

1977 నవంబరు 19, శనివారం. కార్తీక మాసం. చేలు కోతకు వచ్చి ఉన్నాయి. గాలి ముందు నుంచే ఉంది. రేడియోలో తుఫాను అని చెప్తున్నారు. కానీ మా వైపు తుఫాను అంటే గాలీ వానా అనే అనుకున్నారు. సముద్రం లేచి ఊళ్ల మీదికి వస్తుందని ఎవరూ ఊహించలేదు. తాతయ్య చేలో ఉన్న గొడ్లను తోలుకొస్తానని వెళ్లాడు. మా చిన్నత్త, పదేళ్ల పిల్ల, అంతకు ముందు రోజే సముద్రానికి దగ్గరున్న పల్లెకి, మామ్మ వాళ్లక్క ఇంటికి వెళ్లింది. ఇంట్లో మామ్మ, బాబాయి మిగిలారు. నీళ్లు వచ్చేసరికి ఇద్దరూ కరణం గారి డాబా ఎక్కారు. బాబాయికి అప్పటికి ఇరవై రెండేళ్లు. ఆ రాత్రి గురించి చెప్పేది ఆయనే. మామ్మ ఎప్పుడూ చెప్పలేదు. ఐదారు మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చిందని తర్వాత రాశారు. బాబాయి మాత్రం తాటిచెట్ల లెక్కలో చెప్పేవాడు, ఏ చెట్టు ఎంతవరకు మునిగిందో. తెల్లారాక చూస్తే ఊళ్లో నిలబడ్డవి ఆ డాబా, గుడి, కొన్ని చెట్లు. తాతయ్య మూడో రోజు తుమ్మపొదల్లో దొరికాడు. చిన్నత్త దొరకలేదు. దివిసీమలో, ఆ చుట్టుపక్కల పదివేల మంది దాకా పోయారని ప్రభుత్వ లెక్క. అంతకంటే చాలా ఎక్కువేనని మా వైపు ఎవరినడిగినా చెప్తారు.

మా నాన్న విజయవాడ నుంచి చేరుకునేసరికి నాలుగు రోజులు పట్టింది. కట్టలు తెగి, రోడ్లు లేవు. ఏడుస్తూ వచ్చిన కొడుకును మామ్మ దగ్గరికి తీసుకుని, కాసేపు వీపు నిమిరి, "అన్నం తిన్నావా" అని అడిగిందట. అప్పటికే ఆవిడ గంజి కాచే చోట ఉంది. బయటి నుంచి వచ్చిన సేవాసంస్థల పిల్లలు బియ్యం, బట్టలు తెచ్చారు గానీ, ఏ ఇంట్లో ఎవరు మిగిలారో, ఏ పిల్లకు ఎవరూ లేరో వాళ్లకెలా తెలుస్తుంది? మామ్మకు తెలుసు. ఎవరూ లేని పిల్లలను తన పక్కన పడుకోబెట్టుకుంది. మాట పడిపోయిన ఆడవాళ్లకు తల దువ్వి జడ వేసిందట. ఆ రోజుల్లో మంత్రిగా ఉన్న మండలి వెంకట కృష్ణారావు గారు ఊరూరా తిరగడం, ఎన్టీఆర్, ఏఎన్నార్ దివిసీమ కోసం జోలె పట్టి విరాళాలు వసూలు చేయడం మా ఇంట్లో తరచూ తలుచుకునేవాళ్లు. నాన్న ఆ సంగతులన్నీ చెప్పి, చివర్లో "మా అమ్మ మాత్రం జడలు వేస్తూ కూర్చుంది" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతు గర్వంతో వణికేది.

క్యాంపులో అందరూ ఒకే గంగాళంలోంచి తిన్నారు. అంతకు ముందు ఎవరి బావి వాళ్లది, ఎవరి పంక్తి వాళ్లది. కొత్త ఇళ్లు లేచాక చాలామంది మళ్లీ పాత గీతలు గీసుకున్నారు. మామ్మ గీసుకోలేదు. కాలనీలో ఎవరింటికైనా వెళ్లి కూర్చునేది, పెట్టింది తినేది. బంధువుల్లో కొందరు మూతి ముడిచారు. ఆవిడ జవాబు చెప్పలేదు, మానలేదు.

కాన్పుల పని కూడా ఆ క్యాంపులోనే మీద పడింది. ఊళ్లో అంతవరకు పురుళ్లు పోసిన ముసలి మంత్రసాని ఉప్పెనలో పోయింది. మామ్మ అంతకు ముందు ఆవిడ వెంట సాయానికి వెళ్లేది, అంతే. టార్పాలిన్ కింద ఒక పిల్లకు నొప్పులు మొదలైనప్పుడు దగ్గర ఇంకెవరూ లేరు. తల్లీ బిడ్డా బతికారు. ఆ తర్వాత కొన్నాళ్లకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మంత్రసానులకు శిక్షణ ఇస్తున్నారని తెలిసి, ఎవరూ పంపకుండానే వెళ్లి కూర్చుంది. రైతు ఇంటి ఆడది మంత్రసాని పని నేర్చుకోవడమేంటని మళ్లీ మాటలు వచ్చాయి. మామ్మ నేర్చుకుంది. శుభ్రమైన చేతులు, శుభ్రమైన పక్క, కొత్త బ్లేడు, ఉడకబెట్టిన దారం, బొడ్డు మీద ఏమీ రాయకపోవడం. ఈ ఐదు శుభ్రాలనూ ఆవిడ ముసలితనంలో కూడా వేళ్లు ముడుస్తూ అప్పజెప్పేది.

దానికి కారణం ఉంది. మామ్మకు ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు వారం పది రోజులకే పోయారు. పుట్టినప్పుడు బాగానే ఉన్నారట. తర్వాత పాలు తాగడం మానేశారు, దవడ బిగుసుకుపోయింది, ఒళ్లు విల్లులా వంగిపోయింది. పురిటి గాలి సోకిందన్నారు, దిష్టి అన్నారు. కొడవలితో బొడ్డు కోసి బూడిద అద్దేవాళ్లు ఆ రోజుల్లో. శిక్షణలో డాక్టరమ్మ ధనుర్వాతం గురించి చెప్పినప్పుడే తన పిల్లలు ఎందుకు పోయారో మామ్మకు తెలిసింది. పాతికేళ్లు దాటాక తెలిసింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదని బాబాయి చెప్పాడు. మర్నాటి నుంచి ఊళ్లో ఏ ఆడపిల్ల నెల తప్పినా ముందు మామ్మకు తెలిసేది. ధనుర్వాతం సూదులు రెండూ వేయించేదాకా ఊరుకునేది కాదు. నర్సమ్మ వచ్చే రోజు చేతికర్ర పట్టుకుని ఇంటింటికీ వెళ్లి మనుషుల్ని లేపుకొచ్చేది.

ఆవిడకు చదువు రాదు. మరి ఇన్ని కాన్పుల లెక్క ఎలా పెట్టుకునేదంటే, సామాన్ల గది తలుపు వెనక సుద్దముక్కతో బొమ్మలు. పడవ బొమ్మ ఉంటే రేవు దగ్గరి ఇల్లు, తాటిచెట్టు అయితే గట్టు పక్క ఇల్లు, చక్రం అయితే బండి వాళ్లది. ఒక్కో బొమ్మ పక్కన నెలకో నిలువు గీత. ఏడో గీత దగ్గర అడ్డంగా ఒక చిన్న గీత, అక్కడి నుంచి రోజూ వెళ్లి చూడాలని గుర్తు. మా చిన్నప్పుడు ఆ తలుపును ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు. 1990ల మొదట్లో రాత్రి బళ్లు పెట్టి అక్షరాలు నేర్పినప్పుడు మామ్మ అరవై దాటిన వయసులో పలక పట్టింది. సంతకం వచ్చింది, బస్సు బోర్డు చదవడం వచ్చింది. తలుపు మీద మాత్రం బొమ్మలే కొనసాగాయి.

పురుడు పోయడంతో ఆవిడ పని అయిపోయేది కాదు. బాలింతకు శొంఠి, పిప్పళ్లు నూరి కాయం చేసిపెట్టేది. పాలు పడాలని సొర చేప దొరికిన రోజున ఆ ఇంటికి పంపేది. బిడ్డకు నలుగు పెట్టి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసేది. ఇవన్నీ చాలామంది పెద్దవాళ్లు చేస్తారు. మామ్మ ఇంకోటి చేసేది. ఆడపిల్ల పుట్టిందని ఇంట్లో మొహాలు వాడిపోతే, ఆ ఇంట్లో ఆ రోజు ఎక్కువసేపు ఉండేది. బిడ్డను మగవాళ్ల చేతుల్లో తనే పెట్టి, "చూడరా, ఎలా చూస్తోందో నిన్ను" అనేది. నాన్నో తాతో ఆ బిడ్డను ఎత్తుకునేదాకా కదిలేది కాదు. ఇచ్చింది తీసుకునేది, చీర పెడితే చీర, కొబ్బరికాయ ఇస్తే కొబ్బరికాయ. ఏమీ ఇవ్వలేని వాళ్ల దగ్గర మంచినీళ్లు అడిగి తాగి వచ్చేసేది.

నేను కళ్లారా చూసింది 1990 మే తుఫాను. నాకు పదిహేనేళ్లు, వేసవి సెలవులకు అక్కడే ఉన్నాను. ఈసారి జీపుల్లో మైకులు పెట్టి ముందే చెప్పారు. ఉప్పెన తర్వాత కట్టిన తుఫాను షెల్టర్లు ఉన్నాయి. అయినా జనం కదల్లేదు. సామాన్లు, కోళ్లు, గొడ్లు, ముసలివాళ్లు, ఒక్కొక్కళ్లకు ఒక్కో కారణం. మామ్మ ఒక్కతే ఇంటింటికీ తిరిగింది. నేను వెనకే గొడుగు పట్టుకుని పరిగెత్తాను, గొడుగు మొదటి సందులోనే విరిగిపోయింది. ఆవిడ ఎవరినీ బతిమాలలేదు, భయపెట్టలేదు. గుమ్మంలో నిలబడి "పద" అనేది. ఆ ముఖం చూసి, ఉప్పెనలో ఆవిడకు ఏం జరిగిందో గుర్తొచ్చి, ఏ ఇల్లాలూ ఇంకోమాట మాట్లాడలేదు. దారిలో కనపడ్డ ప్రతి కొట్టంలోనూ "పలుపులు కోసేయండి, గొడ్లను కట్టేసి పోవద్దు" అని అరిచింది. 1977లో కట్టుకొయ్యలకే చచ్చిపోయిన పశువులను చూసిన మనిషి. కొడవలి తీసుకుని రెండు మూడు చోట్ల తనే కోసింది.

షెల్టర్లోకి చేరాక ఇళ్ల వరుసలో మనుషుల్ని లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. రేవు దగ్గరి ముసలాయన రాలేదని తేలింది. బాబాయి, ఇంకో ఇద్దరు కుర్రాళ్లు తాడు పట్టుకుని వెళ్లి ఆయన్ని ఎత్తుకొచ్చారు. ఒక గోనెసంచి అటుకులు, బెల్లం, బిందెలతో నీళ్లు ముందే అక్కడికి చేర్చి పెట్టింది. ఎప్పుడు చేర్చిందో మాకే తెలీదు. ఆ రాత్రంతా తలుపు పక్కన కూర్చుని ఉంది. గాలి గోడల్ని ఊపేస్తుంటే నేను ఆవిడ ఒళ్లో తల పెట్టుకున్నాను. ఆవిడ చెయ్యి నా జుట్టులో కదులుతూ ఉంది, కానీ కళ్లు తలుపు మీదే. తెల్లారి బయటికొస్తే మా ఇల్లు మళ్లీ లేదు. ఆ తుఫానులో రాష్ట్రమంతా కలిపి దాదాపు వెయ్యి మంది పోయారు. మా ఊళ్లో మనిషి పోలేదు. ఆ మాట ఎవరో గట్టిగా అనగానే మామ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

సారా ఉద్యమం గురించి కొంచెం చెప్పి ముందుకు వెళ్తాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారన్న వార్త రాష్ట్రమంతా పాకింది. మా ఊళ్లోనూ ఆడవాళ్లు కదిలారు. మామ్మ చేసిందల్లా, సారా కొట్టు ముందు నులక మంచం వేసుకుని పొద్దుట నుంచి రాత్రిదాకా కూర్చోవడం. వచ్చిన ప్రతి మగవాడినీ వరస పెట్టి పిలిచేది. "ఏం నాయనా, పిల్లకి జ్వరం తగ్గిందా?" అనేది. "మీ అమ్మకి మందులు తెచ్చావా?" అనేది. తిట్టేది కాదు. ఆ మాటకు జవాబు చెప్పి లోపలికి వెళ్లడం ఎవరి వల్లా కాలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. ఆ తర్వాత మా ఊళ్లోకి డ్వాక్రా పొదుపు గుంపులు వచ్చాయి, రోజుకో రూపాయి. మామ్మ గుంపులో మొదటి అప్పు ఎవరికివ్వాలన్న చర్చ వచ్చినప్పుడు, చివర కూర్చున్న ఒక ఒంటరి ఆడమనిషి వైపు చూపించి "దానికి గేదె కొనాలి" అందట. ఆ మనిషి అప్పటికింకా నోరు విప్పలేదు.

ఏటా నవంబరు 19న మామ్మ పొద్దున్నే తలస్నానం చేసి బయల్దేరేది. ఉప్పెనలో మనిషి పోయిన ప్రతి ఇంటికీ వెళ్లి కాసేపు కూర్చునేది. పెద్దగా మాట్లాడేది కాదు. పోయినవాళ్ల పేరు ఒక్కసారి పలికేది, "నీ కొడుకు ఉంటే ఇప్పటికి నలభై" అన్నట్టు. ఇళ్లు చాలా ఉండేవి, సాయంత్రం అయిపోయేది. ఏళ్లు గడిచేకొద్దీ కొన్ని ఇళ్లు ఖాళీ అయ్యాయి, కొన్నింట్లో ఆ సంగతి తెలీని కోడళ్లు వచ్చారు. అయినా వెళ్లేది. చివర్న మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, చిన్నత్త పేరు చెప్పేది. ఆ రోజు ఊళ్లో ఉన్నప్పుడల్లా నేను ఆవిడ వెంట నడిచాను. బతుకులో నాకు దక్కిన గొప్ప చదువు అదే అనుకుంటాను.

108 అంబులెన్సులు వచ్చాక కాన్పులన్నీ ఆసుపత్రికి మారాయి. మామ్మకు బాధ కలుగుతుందేమో అనుకున్నాం. ఆవిడ సంతోషించింది. "రక్తం ఎక్కించే చోటు ఉంటే నా చేతుల మీద నలుగురు తల్లులు పోయేవాళ్లు కాదు" అంది. ఆ నలుగురి పేర్లూ ఆవిడకు గుర్తే. తర్వాత కూడా అంబులెన్సులో తోడు వెళ్లేది. ఒక ఆసుపత్రిలో నొప్పులు పడుతున్న పిల్లను సిబ్బంది కసురుకుంటుంటే, మామ్మ ఆ అమ్మాయి తల దగ్గర నిలబడి, "అమ్మా, నువ్వు నాకు మనవరాలి లాంటిదానివి. దీనికి భయంగా ఉంది, కాస్త చెయ్యి పట్టుకో, చాలు" అని ఆ నర్సుతోనే అందట. ఆ నర్సు చెయ్యి పట్టుకుంది. తర్వాత మా ఊరి మీదుగా వెళ్లినప్పుడల్లా మామ్మను చూసి వెళ్లేది.

2015లో, మన దేశంలో బాలింతల్లో, పసిపిల్లల్లో ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు ప్రకటించారు. పేపర్లో చూసి నేనే ఆవిడకు ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఇంక ఎవరి పిల్లలూ అలా పోరా?" అంది. దాదాపుగా పోరు మామ్మా అన్నాను. "ఆ డాక్టరమ్మకి చెప్పాలే, ఎక్కడుందో" అంది. నేను వెతికాను, ఆచూకీ దొరకలేదు.

చివరి మూడేళ్లు తుంటి ఎముక విరిగి మంచంలోనే ఉంది. విజయవాడ తీసుకెళ్తామంటే రానంది. మేం భయపడ్డాం, బాబాయి, పిన్ని కూడా అరవై దాటినవాళ్లే, ఎలా చూసుకుంటారని టెన్షన్ పడ్డాం. ఊరు మాకు ఆ పని మిగల్చలేదు. ఒళ్లు తుడవడానికి పొద్దుట ఒకరు, పక్కకు తిప్పి పడుకోబెట్టడానికి మధ్యాహ్నం ఒకరు, రాత్రి తోడు పడుకోవడానికి ఇంకొకరు వచ్చేవాళ్లు. ఈ ఏర్పాటు ఎవరు చేశారని పిన్నిని అడిగితే తనకూ తెలీదంది. మంచం పుండ్లు ఒక్కటి కూడా పడలేదు. పెన్షన్ ఇచ్చే రోజు వేలిముద్ర మిషన్ పట్టుకుని పంచాయతీ కుర్రాడే ఇంటికి వచ్చేవాడు. ఒకప్పుడు 75 రూపాయలు ఉన్న పెన్షన్ అప్పటికి 1000 అయింది. అందులో ఎప్పుడూ కొంత తలగడ కింద ఉండేది, ఎవరి పిల్లల ఫీజుకో. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు వచ్చినప్పుడు ఆవిడ ఏమీ అడగలేదు. ఒకరోజు తెల్లవారుజామున ఊళ్లో కుర్రాళ్లు కుర్చీకి బొంగులు కట్టుకుని వచ్చి నిలబడ్డారు. నాగాయలంక ఘాట్ దాకా ఆటోలో, అక్కడి నుంచి భుజాల మీద తీసుకెళ్లి స్నానం చేయించి తెచ్చారు. ఆ కుర్రాళ్లలో సగం మంది ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్లే.

2018 మే నెలలో నిద్రలోనే పోయింది. మేం వెళ్లేసరికి చేయాల్సినవన్నీ జరుగుతూ ఉన్నాయి. స్నానం చేయించడానికి మా ఇంటి ఆడవాళ్లతో పాటు కాలనీ ఆడవాళ్లు కూడా చేరారు. ఒకాయన, బంధువే, ఏదో అనబోతే బాబాయి ఆయన్ని బయట కూర్చోబెట్టాడు.

పెద్దకర్మ రోజుకు ఎంతమంది వస్తారో అంచనా వేయలేకపోయాం. నాన్న బియ్యం, కూరగాయలు అవనిగడ్డ నుంచి తెప్పిద్దామని ముందురోజు సాయంత్రం బయల్దేరుతుంటే, గేటు బయట అరుగు మీద అప్పటికే మూటలు వరసగా ఉన్నాయి. సన్నబియ్యం, ముతక బియ్యం, కందిపప్పు, గుమ్మడికాయలు, అరటి ఆకుల కట్టలు. ఎదురుమొండి దీవి నుంచి పంటు దాటి వచ్చినవాళ్లు కొబ్బరికాయల బస్తా దించారు. నాన్న చేతులు జోడించి, ఇది మా బాధ్యత, తీసుకెళ్లిపోండి అన్నాడు. ఎవరూ తీసుకోలేదు. డ్వాక్రా గుంపులో మొదటి అప్పుతో గేదె కొనుక్కున్న ఆవిడ, ఇప్పుడు ముసలిదైపోయింది, ముందుకు వచ్చి "అన్నయ్యా, ఇవి మామ్మ దగ్గర మేం తీసుకున్నవే. తిరిగి ఇస్తున్నాం" అంది.

మర్నాడు వంట వాళ్లే చేశారు. మమ్మల్ని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. అమ్మ, పిన్ని, పెద్దత్త, అందరూ కళ్లు తుడుచుకుంటూ అటూ ఇటూ తిరుగుతుంటే, నర్సమ్మ వచ్చి ఒక్కొక్కరినీ రెక్క పట్టుకుని తీసుకెళ్లి పందిట్లో కూర్చోబెట్టింది. మొదటి బంతిలో మా కుటుంబం మొత్తం. కాలనీ కుర్రాళ్లు, రేవు వాళ్లు, రాత్రి బడిలో మామ్మతో పలక పట్టినవాళ్లు వడ్డించారు. నాన్న విస్తరి ముందు చాలాసేపు చెయ్యి పెట్టకుండా కూర్చున్నాడు. పక్కన నిలబడ్డ ఒక కుర్రాడు గరిటె కింద పెట్టి, ఆయన భుజం మీద చెయ్యేసి, ముద్ద కలిపి ఆయన నోటికి అందించాడు.